రెండు నిమిషాల జవాబు

లాండ్రీలకు మరకల మందులు అమ్మే ఆ కంపెనీలో కొనుగోలుదార్లకు జవాబులు రాసేది ఇద్దరే. ఒకామె పద్దెనిమిదేళ్లుగా ఉన్న పెద్ద గుమాస్తా. ఏ ప్రశ్న వచ్చినా కిందికెళ్లి కెమిస్టును అడిగి గానీ రాసేది కాదు. రెండోవాడు మేనేజరు బావమరిది. చేరి ఆర్నెల్లయింది. తెలిసినా తెలియకపోయినా రెండు నిమిషాల్లో జవాబు పంపేసేవాడు.

ప్రతి సోమవారం మేనేజరు అందరినీ పిలిచి, ఎవరి జవాబుకు ఎంతసేపు పట్టిందో పైకి చదివేవాడు. ఆమె వంతు వచ్చేసరికి కాగితం దించి, "మన తాబేలక్క ఇంకా దారిలోనే ఉంది," అనేవాడు. నవ్వకపోతే ఎక్కడ తమ మీద పడతాడో అని అందరూ నవ్వేవాళ్లు. ఒక సోమవారం ఆమె కుర్చీ తీయించేశాడు. "నిలబడి రాస్తే చెయ్యి చురుగ్గా ఆడుతుంది," అన్నాడు. మోకాళ్లు పీకుతున్నా మూడు వారాలు ఆమె నిలబడే రాసింది. ఆ కుర్చీ మీద బావమరిది కాళ్లు చాపుకునేవాడు.

ఆ మూడో వారంలో ఒకరోజు పదకొండింటికి, అక్కాచెల్లెళ్లిద్దరు నడుపుకునే ఒక చిన్న లాండ్రీ నుంచి ప్రశ్న వచ్చింది. దుప్పట్ల మీద మరకలు వదలడం లేదట. తెలుపు మందులో, అంటే బ్లీచులో, తుప్పు మరకల మందు కలపొచ్చా అని అడిగారు. ఆమె చదవడం పూర్తయ్యేలోపే బావమరిది రాసి పంపేశాడు: "నిశ్చింతగా కలపండి. పని రెట్టింపవుతుంది."

ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుందని కెమిస్టు ఆమెకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆమె ఫోను తీసింది. అంకెలు నొక్కబోతుంటే బావమరిది తల తిప్పకుండానే, "తాబేలక్కా, కాసిని మంచినీళ్లు అందుకో. ఎలాగూ నిలబడే ఉన్నావుగా," అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసింది. నీళ్లు తెచ్చిచ్చింది. వాడి గొయ్యి వాడే తవ్వుకున్నాడు, పడనీ అనుకుంది. మధ్యాహ్నం ఆ జవాబు మేనేజరు ముందు పెడదాం, అంతలో కొంపలేం మునుగుతాయిలే అని సర్దిచెప్పుకుంది. తీరిగ్గా అన్నం తిన్నది. చాలా రోజులకు ఆ పూట ముద్ద గొంతు దిగింది.

రెండింటికి ఫోను మోగింది. లాండ్రీ చెల్లెలు.

"అక్క పడిపోయిందండీ. గదంతా ఘాటు. ఊపిరాడట్లేదు. ఏం చెయ్యమంటారు?"

ఆమె తడుముకోలేదు. అక్కను గాలిలోకి తేవాలి, ఆ గదిలోకి మళ్లీ ఎవరూ అడుగు పెట్టకూడదు, ఏ మందులు కలిపారో ఆస్పత్రిలో చెప్పాలి. ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. ఒక్క మాట పొల్లు పోలేదు.

సాయంత్రం మేనేజరు ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. బావమరిది పంపిన జవాబు బల్ల మీద పెట్టాడు.

"ఇది నువ్వెప్పుడు చూశావు?" అని మేనేజరు ఆమెను అడిగాడు.

"ఫోనొచ్చాకేనండీ."

"అబద్ధం బావా. నేను పంపేటప్పుడు పక్కనే ఉంది," అన్నాడు బావమరిది.

"చూస్తే ఊరుకుంటానా బాబూ?" అందామె నెమ్మదిగా.

మేనేజరు ఆమె మాటే నమ్మాడు. నమ్మడమే అతనికీ మంచిది; తప్పు ఒక్కడితో పోతుంది. బావమరిదిని ఆ పూటే పంపించేశాడు.

నెల తర్వాత అక్కాచెల్లెళ్లు వచ్చారు. అక్కకు గొంతు పోయింది. నాలుగు మెట్లెక్కినందుకే పిల్లికూతలు పెడుతూ గోడ పట్టుకుంది.

"ఆ రోజు మీరు చెప్పబట్టే బతికిందమ్మా," అంది చెల్లెలు. "ఆ పాడు జవాబు ముందే మీ కంట పడుంటే మాకీ గతి పట్టేది కాదు."

"అవునమ్మా, వెంటనే చెప్పేదాన్ని," అందామె.

అక్క ముందుకొచ్చి, మాట రాక, ఆమె రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు.