నాయిన నొక్కితే పలకని కారు

ఆ సాయంత్రం నాయిన కారు తాళంచెవి బటన్ మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. కారు పలకలేదు. మళ్లీ నొక్కాడు. పలకలేదు.

నేను వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాను. మూడోసారి నొక్కేటప్పుడు ఆయన గోరు తెల్లబడడం అక్కడి నుంచే కనపడింది. అయినా కారు చప్పుడు చేయలేదు.

నాలుగు నెలల కింద నాయినకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. నల్లగొండ దవాఖానలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఆరు నెలల లోపల ఎంత తిరిగొస్తే అంత, ఆ తర్వాత కష్టమని చెప్పాడు. ఆ మాట నాయిన విననట్టే పడుకున్నాడు గాని, విన్నాడని నాకు తెలుసు. మా గొర్రెల మందను అమ్మేశాం. ఖాళీ అయిన దొడ్డిలో నేను కారు పెట్టుకుంటున్నాను. చౌటుప్పల్ దగ్గరి మందుల కంపెనీలో పనిచేసేవాళ్లను పొద్దున దింపడం, సాయంత్రం తీసుకురావడం నా పని.

రెండో నెలలో ఒక రోజు పని నుంచి వచ్చి తాళంచెవిని నాయిన మంచం మీద పడేశాను. కొంతసేపటికి దొడ్డిలో కారు కుయ్ మంది, లైట్లు ఒకసారి వెలిగి ఆరాయి. దగ్గర ఎవరూ లేరు. చూస్తే తాళంచెవి నాయిన కుడిచేతి కింద ఉంది. ఆయన కారు దిక్కు చూశాడు, తన చేయి దిక్కు చూశాడు, మళ్లీ కారు దిక్కు చూశాడు. నా భార్య పుష్ప జొన్నపిండి చేతులతోనే బయటికి ఉరికింది.

"మామ ఏలు కదిలింది! ఓ అయ్యా, చూడరాదు, మామ ఏలు కదిలింది!"

ఆ రోజు నుంచి నేను ఇంటికి రాగానే తాళంచెవి నాయిన చేతిలో పెట్టేవాణ్ని. ఆయన నొక్కేవాడు, కారు పలికేది, ఆయన సగం నోటితో నవ్వేవాడు. మొదట్లో పదిసార్లకే అలసిపోయేవాడు. తర్వాత యాభై. పుష్ప ఒకరోజు లెక్కబెడితే రెండు వందలు దాటింది.

"బ్యాటరీ దిగిపోతది మామా. రేపు నీ కొడుకు బండి తోసుకుంట పోవాలె," అనేది. నాయిన ఆమె దిక్కు చూస్తూ ఇంకోసారి నొక్కేవాడు.

అలాంటిది ఇప్పుడు పలకలేదు. నేను తడికాళ్లతోనే వెళ్లి, తాళంచెవి తీసుకుని నొక్కాను. కుయ్ మంది.

"మంచిగనే ఉన్నది నాయినా," అని మళ్లీ చేతిలో పెట్టాను. ఆయన నొక్కాడు. లేదు. పుష్ప వచ్చి నొక్కింది. కుయ్ మంది. నేను ఇంకోసారి నొక్కాను. కుయ్ మంది.

ఆయనకు ధైర్యం చెబుతున్నాననుకున్నాను. నేను చూపిస్తున్నది ఏమిటో నాకు అప్పుడు తట్టలేదు. అందరి చేతికీ పలుకుతోంది, నీ చేతికే పలకడం లేదు. నాయినకు అర్థమైంది అదే. తాళంచెవిని మంచం మీద వదిలేసి, ఎడమ చేత్తో కుడిచేయిని పట్టుకుని గొంగడి లోపలికి లాక్కున్నాడు.

మరునాడు పిసకమని ఇచ్చిన గుడ్డబంతిని కింద పడేశాడు. ఆ మరునాడు పుష్ప వేళ్లకు నూనె రాయబోతే చేయి ఇవ్వలేదు. నేను తాళంచెవిలో కొత్త సెల్లు వేయించుకొచ్చాను. నాకైతే రోడ్డు మీది నుంచి నొక్కినా పలికింది. ఆయన ఒకే ఒక్కసారి నొక్కి, గోడ దిక్కు తిరిగాడు.

"మళ్లొచ్చిందేమో," అంది పుష్ప మెల్లగా, పొయ్యి దగ్గర. "నాకు బుగులైతాంది. ఉన్నది గూడ పోతాందేమో. దవాఖానకు తీస్కపో."

తీసుకెళ్లాను. నాయినకు కసరత్తులు చేయించే అతియా మేడం తన రెండు వేళ్లను ఆయన కుడిచేతిలో పెట్టింది.

"పట్టు పెద్దయ్యా. ఇంకా పట్టు. నా ఏళ్లు ఇరగ్గొడ్తవా ఏంది?"

ఆమె ఏదో కాగితంలో చూసుకుని, "పోయిన నెలకంటె జోర్ పెరిగింది. మీరు గూడ చూడున్రి," అని నా వేళ్లు పెట్టించింది. నాయిన నా వేళ్లు పట్టుకున్నాడు. ముందు ఏమీ లేనట్టే ఉండి, తర్వాత మెల్లగా ఒక బరువు వచ్చి ఆనింది. ఆ బరువు వణికింది. అంతే. ఆయన నా ముఖం చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మేడం మాటను ఆయన నమ్మలేదు. రోగం వచ్చిన మనిషికి అందరూ మంచిమాటే చెబుతారని ఆయనకు తెలుసు.

తిరిగి వస్తుంటే నార్కట్‌పల్లి దాటిన తర్వాత నాకు తట్టింది. చేతిలో బలం పెరిగితే, తగ్గింది తాళంచెవిలోనే కదా.

మరునాడు పొద్దున కంపెనీ వాళ్లను దింపి చౌటుప్పల్‌లో మెహమూద్ చాచా దగ్గరికి వెళ్లాను. బస్టాండు పక్క సందులో ఆయన దుకాణం. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు తాళంచెవులు, రిమోట్లు చేస్తాడు.

"పనిచేస్తలేదు చాచా."

ఆయన తాళంచెవి తీసుకుని రోడ్డు పక్కన ఆపిన నా కారు దిక్కు పట్టి నొక్కాడు. కుయ్. కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"గిది పనిచేసుడు కాకపోతె మరేంది తమ్మీ? బండి నాకు సలాం కొడ్తాంది."

"మనకు చేస్తది. మా నాయినకు చేస్తలేదు."

"బండికి గూడ మనుషులు ఎరుకైన్రా? మీ నాయిన దాన్ని తిట్టిండా ఏంది?"

చెప్పాను. మా ఇంట్లో మాట తక్కువ. నాయినా నేనూ పన్నెండేళ్లు ఒకే మంద వెంట తిరిగాం, ఆ పన్నెండేళ్లలో మాట్లాడుకున్నది ఒక పూటకు సరిపోదు. అలాంటిది ఆ దుకాణం ముందు నిలబడి నేను వారానికి సరిపడా మాట్లాడేశాను. నా మాట అయిపోగానే చాచా స్టూలు ముందుకు జరిపాడు.

సన్నటి బ్లేడుతో తాళంచెవిని రెండుగా విప్పాడు. లోపల బొటనవేలంత పచ్చటి రేకు, దాని మీద పెసరగింజంత స్విచ్చిలు మూడు. బ్రష్షు స్పిరిట్‌లో ముంచి దుమ్ము తుడిచాడు.

"గిది డోర్లు బంద్ చేసేది. గిది తీసేది. గిది డిక్కీది."

అగ్గిపుల్లతో ఒక్కొక్కదాన్ని నొక్కాడు. తీసేది టిక్ మంది, డిక్కీది టిక్ మంది. బంద్ చేసేది ఏమీ అనలేదు. దాని రెండు పక్కలా కరెంటు చూసే మీటరు ముళ్లు ఆనించి మెల్లగా నొక్కాడు. మీటరు ఊరుకుంది. బలంగా అదిమాడు. మీటరు కీచుమంది.

"చూసినవా? దీని పని అయిపోయింది. గట్టిగ పిసికితె పలుకుతది, మెల్లగ ముట్టితె పలకది. మీరిద్దరు దున్నపోతుల లెక్క పిసుకుతున్నరు, గందుకే మీకు పలుకుతాంది. పక్కన రెండు కొత్త పెండ్లిపిల్లల లెక్క ఉన్నయ్. దీన్నొక్కదాన్నే పెద్దాయన ఎన్నిసార్లు నొక్కిండు?"

"రోజుకు రెండు వందలు. రెండు నెలలు."

చాచా వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"యా అల్లా. గన్నిసార్లు నొక్కి స్విచ్చిని అరగ్గొట్టిన మనిషిని పట్టుకొని, ఆయన ఏలుదే తప్పని కూసోబెట్టిన్రా ఇంట్ల?"

కొత్త స్విచ్చి ఒకటి తీసి, నొక్కి చూసి పక్కన పెట్టాడు. "కొత్తది బిర్రుగుంటది, గట్టిగ నొక్కాలె. మొదటిసారే పలకకపోతె పెద్దాయన మళ్ల ముట్టడు. ఎంత జోర్‌తోని నొక్కుతడు ఆయన?"

"ఎట్ల చెప్పాలె చాచా?"

ఆయన అరచేయి చాపాడు. "గీడ నొక్కి చూపియ్యి."

నొక్కాను.

"గిది నీ జోర్. మీ నాయినది చూపియ్యి."

కళ్లు మూసుకున్నాను. ముందురోజు దవాఖానలో నా వేళ్ల చుట్టూ బిగిసిన ఆ చేయిని గుర్తు తెచ్చుకున్నాను. ముందు ఏమీ లేనట్టు, తర్వాత మెల్లగా ఆనే బరువు, ఆ వణుకు. పరాయి మనిషి చేతిలో నాయిన నొక్కినట్టు నొక్కాను. నాకు తెలియకుండానే నా పళ్లు బిగుసుకున్నాయి. అంత చిన్న నొక్కుకు ఆయన ఎంత కూడదీసుకోవాల్సి వస్తోందో అప్పుడు తెలిసింది.

"గంతేనా?"

"గంతే."

"సమజైంది," అన్నాడు చాచా. వెంటనే చేయి తీసుకోలేదు.

చెడిపోయిన రిమోట్లున్న డబ్బా కుమ్మరించి, ఒక్కొక్కదాన్ని విప్పి, స్విచ్చిలను చిటికెనవేలితో నొక్కి చూశాడు. ఆరో ఏడో చూశాక ఒకటి నచ్చింది. దాన్ని ఊడదీసి మా తాళంచెవిలో అతికించాడు. అరిగిన పాతదాన్ని కాగితం ముక్కలో చుట్టి నా జేబులో పెట్టాడు.

"ఈక ఆనితె గూడ పలుకుతది ఇప్పుడు. మిగతా రెండిటిని నేను ముట్టలే."

మరునాడు తెల్లవారి, పనికి పోయే ముందు తాళంచెవి తీసుకెళ్లి నాయిన మంచం మీద పెట్టాను. ఆయన దాన్ని చూసి తల తిప్పుకున్నాడు.

"బాగుచేపిచ్చుకొచ్చిండు మామా," అంది పుష్ప, రొట్టెలు చేస్తున్నది లేచి వచ్చి. "తాళంచెవే కరాబైందట. నీ చెయ్యి కాదట. ఒక్కసారి నొక్కు. నా కోసం నొక్కు."

ఆమె మాట ఆయన తీసేయడు. గొంగడిలోంచి చేయి బయటికి వచ్చింది. బొటనవేలు బటన్ మీదికి పాకింది. కుయ్ మంది కారు.

పుష్ప చప్పట్లు కొట్టింది. నాయిన నవ్వలేదు.

వేలిని అక్కడే ఉంచి మెల్లగా అటూ ఇటూ కదిపాడు. పక్క బటన్ మీదికి జరిపాడు, మళ్లీ మొదటిదాని మీదికి తెచ్చాడు. అంగడిలో గొర్రె నడుం మీద ఆయన వేలు అలాగే తిరిగేది. ఉప్పు పెట్టి నీళ్లు తాగించి ఉబ్బించిన గొర్రెను ఆ వేలు ఎన్నడూ దాటనివ్వలేదు. ఇప్పుడూ దాటనివ్వలేదు. తల ఎత్తి నన్ను చూశాడు. కాంటాలో మోసం చేసినవాణ్ని చూసే చూపు అది. నా మీద ఆ చూపు పడడం అదే మొదటిసారి. ఎడమ చేత్తో తాళంచెవిని మంచం మీంచి కిందికి నెట్టేశాడు.

"అయ్యో, పలికింది కద మామా! ఏమైంది?" అంది పుష్ప. స్విచ్చి సంగతి ఆమెకు కూడా నేను చెప్పలేదు.

తాళంచెవి తీసి తుడిచాను. మాట నా నుంచే రావాలి, తప్పదు.

"నాయినా, మెత్తటిది ఏపిచ్చిన. నీకు తెల్వద్దనుకున్న. గది నా తప్పు." జేబులోని కాగితం విప్పి పాత స్విచ్చిని ఆయన కళ్ల ముందు పెట్టాను. "గిది పాతది. అరిగిపోయింది. గిది అబద్ధం కాదు, నువ్వు నొక్కి నొక్కి అరగ్గొట్టినవ్."

ఆయన దాన్ని చూశాడు.

"గీ పక్క బటన్ డోర్లు తీసేది. దీన్ని ఎవ్వలు ముట్టలే. కారు కంపెనీల ఏసిందే ఉన్నది, బిర్రుగుంటది. నీ ఇష్టం."

తాళంచెవిని ఆయన కుడిచేతి పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాను. పుష్ప నిలబడే ఉంది.

దొడ్డిలో కారు మీద ఎక్కిన కోడి ఒకటి జారి కిందపడింది. అప్పుడు నాయిన తాళంచెవి తీసుకున్నాడు. వేలిని రెండో బటన్ మీద పెట్టి, ఇంకోసారి తడిమి చూసుకుని నొక్కాడు.

లేదు.

పుష్ప ఏదో అనబోయింది. వద్దని తల ఊపాను.

మళ్లీ నొక్కాడు. వణుకు మోచేయి దాకా పాకింది. లేదు. ఆయన నుదుటి మీద చెమట కనపడింది. ఈసారి సాయానికి ఎడమ చేయి తెచ్చాడు. తెచ్చి, అక్కడే ఆపి, తనంతట తానే వెనక్కి తీసుకున్నాడు. ఊపిరి పట్టి నొక్కాడు.

దొడ్డిలో నాలుగు డోర్ల గడియలూ ఒక్కసారే టక్కున లేచాయి. లైట్లు రెండుసార్లు వెలిగాయి.

నాయిన పట్టిన ఊపిరి వదిలాడు. బంద్ చేశాడు. మళ్లీ తీశాడు, ఈసారి రెండో నొక్కుకే. మళ్లీ బంద్ చేశాడు. అప్పుడు సగం నోరు నవ్వింది.

"రొట్టె మాడుతాంది," అంటూ పుష్ప కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. పెనం మీద రొట్టె లేదని నాకు తెలుసు.

నా ఫోను మోగింది. కంపెనీలో పనిచేసే నవీన్.

"అన్నా, యాడున్నవ్? అందరం వచ్చి నిలవడ్డం. షిఫ్టుకు టైమైతాంది."

తాళంచెవి కోసం నాయిన ముందు చేయి చాపాను. ఆయన కుడిచేతి వేళ్లు దాని చుట్టూ మూసుకున్నాయి. మెల్లగా లాగాను. రాలేదు.

"అర్ధగంట అయితది నవీన్."

"ఏమైందన్నా? పంక్చరా?"

"కాదు. తాళంచెవి మా నాయిన చేతుల ఉన్నది. ఇస్తలేడు."

"గుంజుకో అన్నా, గంత ముసలాయన చేతులకెల్లి."

"గుంజిన తమ్మీ," అన్నాను. "వస్తలేదు."