వంటింట్లో వదిలేసిన ఒళ్ళు

పొద్దున్న ఏడు దాటితే టకటక అనే ఆమె మూడు చోట్ల ఉంటుంది. ఇంట్లో పొయ్యి దగ్గర, కోళ్ళ ఫ్యాక్టరీలో ఆర్డర్ల బల్ల ముందు, అక్క ఇంట్లో మంచాన పడ్డ తల్లి పక్కన. ఫోను మీద బొటనవేలు కింద నుంచి పైకి జరిపి కాస్త ఆపితే తెరిచి ఉన్నవన్నీ పేకముక్కల్లా వరసగా వస్తాయి కదా! పాటలు, బ్యాంకు, పిల్ల స్కూలు గ్రూపు. వాటి మధ్యలోనే ఈ మూడు చోట్లూ ఉంటాయి. దేన్ని తడితే అక్కడికి వెళ్తుంది, ప్రతి చోటా ఒంటి చేతిలో అదే ఫోను. వదిలి వచ్చిన చోట ఒళ్ళు ఎలా ఉన్నదో అలాగే ఆగిపోతుంది. గరిటె ఎత్తి ఉంటే ఎత్తినట్టే, ఆవలిస్తూ ఉంటే నోరు తెరిచినట్టే.

"మీ అమ్మ వెళ్ళిపోయిందే. ఆ స్టవ్ కట్టెయ్," అంటుంది అత్తగారు. ఏడేళ్ళ మనవరాలు స్టూలెక్కి స్టవ్ కట్టేసి, తల్లి చేతిలోని గరిటె కింద గిన్నె పెడుతుంది, నేల పాడవకుండా.

ఫ్యాక్టరీలో కంప్యూటరు మీద ఆమెకి నాలుగు కిటికీలు. ఆర్డర్లు, మాంసం దాచే చల్లగది చలి లెక్క, లారీలు, సూపర్‌వైజరు అటు తిరిగితే పేకాట. ఎడమచేతి వేళ్ళు రెండు కిటికీలు మార్చే రెండు మీటల మీదే ఉంటాయి. టక్కున ఇది, టక్కున అది. మీటల మీద రాతలు అరిగిపోయి బోసి పళ్ళలా తయారయ్యాయి. అందుకే అందరికీ ఆమె టకటక. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎవరికీ గుర్తు లేదు.

"మా మేనత్తకీ ఉండేదమ్మా ఇది. పాపం, ఆవిడకి రెండు చోట్లే," అనేవాడు సూపర్‌వైజరు. "నువ్వు వెళ్ళేటప్పుడు మాత్రం కాస్త నోరు మూసుకుని వెళ్ళు. ఈగలు పోతున్నాయి."

మొగుడు బస్సు డిపోలో మెకానిక్. మాట్లాడుతుండగా ఎదుటి మనిషి వెళ్ళిపోతే ఎవరికైనా మండుతుంది, కాదనను. ఇతనికి మండడానికి అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. చొక్కాకి గుండీ ఊడితే మండుతుంది, ఉంటే బిగుతైందని మండుతుంది.

మొదటిసారి కొట్టినప్పుడు ఆమె ఇంట్లో లేదు. డిపోలో ఎవడో తనని తిట్టిన కథ చెబుతున్నాడు. సగంలో ఆమెకి లారీ కబురొచ్చింది, బొటనవేలు కదిలింది. అతను చెంప మీద లాగి ఒక్కటిచ్చాడు. కెవ్వుమనలేదు. తల కూడా తిరగలేదు. చెంప ఎర్రబడలేదు. గోడని కొట్టినట్టయి అరచెయ్యి ఊదుకుంటూ వెళ్ళి కూర్చున్నాడు. పావుగంటకి ఆమె తిరిగొచ్చింది. రాగానే ఎవరూ ముట్టుకోకుండానే మెడ విసురుగా పక్కకి తిరిగి అలమారకి కొట్టుకుంది, రెండు ప్లేట్లు పగిలాయి.

"ఎవరు? ఎవరు కొట్టారు?"

"నేనే," అన్నాడతను రొట్టె నములుతూ. "ఇందాక."

అప్పటి నుంచీ అదే వరస. చెయ్యి లేచేసరికి ఆమె వెళ్ళిపోయేది. పని చూసుకుని, తల్లికి పక్క మార్చి, తీరిక చేసుకుని వచ్చి దెబ్బలు తినేది. వేడివేడిగా తినేదాన్ని చల్లారాక తినడం, అంతే తేడా. వంటింటి ఒళ్ళు నీలిమచ్చలతో నిండిపోయింది. ఫ్యాక్టరీ ఒంటికీ అక్క ఇంటి ఒంటికీ గీత కూడా లేదు. ఏ దెబ్బ ఏ ఒంటికి పడితే దానిదే. ఒకసారి ఫ్యాక్టరీ నుంచే పోలీసుల దగ్గరికి వెళ్ళింది.

"దెబ్బలేవమ్మా?" అన్నాడు అక్కడ కూర్చున్నాయన.

"ఇంట్లో ఉన్నాయండీ."

"అయితే వాటిని తీసుకురా," అని పక్కవాడితో కలిసి నవ్వాడు.

అలా ఏడాది గడిచింది. వెళ్ళిపోవడం కళ్ళార్పడమంత అలవాటైపోయింది. ఆ అలవాటే ఒక ఆదివారం ఆమె కొంప ముంచింది.

ఆ మధ్యాహ్నం పిల్ల నీళ్ళ గ్లాసు అతని ఫోను మీద ఒలకబోసింది. అతను పనిముట్ల సంచిలోంచి మూరెడు స్పానరు తీశాడు. ఎప్పుడూ చేతులే. ఇనుము తియ్యడం ఇదే మొదలు. టకటక ఎడమచేత్తో పిల్ల మణికట్టు పట్టుకుని వెనక్కి లాక్కుంది, తను అడ్డం నిలబడింది. స్పానరు లేచింది. కుడిచేతిలో ఫోను. బొటనవేలు ఆమెని అడగలేదు.

కళ్ళు తెరిస్తే కోళ్ళ ఫ్యాక్టరీ. ముందు ఆర్డర్లు, చల్లగది, లారీలు. రాగానే ఎడమచెయ్యి మీటల మీంచి లేచి గాల్లో పిడికిలి బిగించింది. పిడికిట్లో ఏమీ లేదు.

ఆ పిడికిలినే చూస్తూ ఉండగా ఫోను మోగింది.

"ఏమే, పిల్ల చెయ్యి వదలకుండా పోయావేమే!" అత్తగారు అరిచింది. వెనక నుంచి చప్పుడు. తడి గోనెసంచిని నేలకేసి కొట్టినట్టు. మళ్ళీ. మళ్ళీ. "నీ వేళ్ళు ఊడి రావట్లేదు. సబ్బు రాశాను, నూనె రాశాను. ఇనప కమ్మీలైపోయాయి. అది నీ వెనకే ఇరుక్కుపోయింది."

"దానికి తగిలిందా అత్తయ్యా?"

"నీ ఒళ్ళే అడ్డం ఉంది. ఇంకా దాని దాకా రాలేదు. వాడు అటు తిరిగి వస్తే..." మళ్ళీ చప్పుడు. "నువ్వు అరవట్లేదని వాడికి పిచ్చెక్కిపోతోంది. పదిహేడు దాకా లెక్కపెట్టాను. తర్వాత నా వల్ల కాలేదు."

ఫోన్లోంచి పిల్ల గొంతు సన్నగా వినబడింది. "అమ్మా, చెయ్యి నొప్పెడుతోంది."

పక్క బల్ల దగ్గర కోళ్ళు కోసే కత్తక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గుమ్మటంలాంటి మనిషి. విషయం రెండు ముక్కల్లో చెప్పేసరికి ఆవిడ మొహం రాయైపోయింది.

"ఇంట్లో దాన్ని మూసి పారెయ్యవే. పైకి తోస్తే పోతుందిగా, దెబ్బలతో సహా."

"పిల్ల కూడా పోతుంది అక్కా."

నిజమే. కుట్టు క్లాసులో ఆమెకి ఇంకో ఒళ్ళు ఉండేది. పని తీరిపోయాక దాన్ని ఒకరోజు పైకి తోసి మూసేసింది. ఆ ఒళ్ళు పోయింది. దాని చేతిలో కత్తెర పోయింది. దాని ఒళ్ళో పడుకున్న టీచరుగారి పిల్లి కూడా పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఒళ్ళు పట్టుకున్నదీ, ఒంటిని పట్టుకున్నదీ, రెండూ పోతాయి. టీచరు ఇప్పటికీ ఆమె మొహం చూడదు.

"అయితే వెళ్ళాలి," అంది కత్తక్క.

"వెళ్ళాలి."

"అన్నీ ఒక్కసారే పడతాయి."

"అయిదు వేళ్ళు తెరిచేంతసేపు బతికుంటే చాలు."

కత్తక్క వెళ్ళి కుర్చీ వెనక నిలబడి ఆమె భుజాలు రెండూ గట్టిగా అదిమి పట్టుకుంది. పట్టుకున్నది ఉండిపోయే ఒంటిని, వెళ్ళే మనిషిని కాదు. అది ఇద్దరికీ తెలుసు.

ఫోన్లో చప్పుడు ఆగింది. అత్తగారు గుసగుసగా అంది. "ఆయాసం వచ్చి కూర్చున్నాడు. నీళ్ళు తాగుతున్నాడు. వస్తే ఇప్పుడే రా."

బొటనవేలు పైకి జరిపింది. ముక్కలు వచ్చాయి. వంటిల్లు ముక్కలో బొమ్మ ఇంకా పాతదే, ఎత్తిన స్పానరు గాల్లో ఉన్నది. తట్టింది.

ముందు ఎడమచెయ్యి. వేళ్ళు తెరవమని దానికి ముందే చెప్పుకుని వచ్చింది. తెరుచుకున్నాయి. పిల్ల మణికట్టు జారిపోవడం తెలిసింది. ఆ తర్వాతే ఇనుము దిగింది.

భుజం పటుక్కుమంది. పక్కటెముకలు ఒకదాని వెంట ఒకటి, ఎండుపుల్లలు విరిచినట్టు. దవడ ఓ పక్కకి పోయింది, నోట్లో పళ్ళు గులకరాళ్ళలా కదిలాయి. మోకాలు వెనక్కి మడత పడింది. ఎవరూ కొట్టకుండానే ఆ ఒళ్ళు వంటింటి మధ్యలో ఇటు ఎగిరి అటు పడి, స్టవ్ అంచుకి తల పగిలి, నేల మీద ఇంకా కదులుతూనే ఉంది. ఇంకా వస్తూనే ఉన్నాయి. అరుపు మాత్రం ఒక్కటే. అన్ని దెబ్బలకీ కలిపి ఒక్కటే అరుపు. వీధి చివర కుక్కలు లేచాయి.

కుర్చీలో అతను గ్లాసు దించి చూశాడు. తను చేసిందంతా ఒక్కచోట కుప్పగా చూడడం అతనికీ కొత్తే. కాస్త భయపడ్డాడు కూడా. ఆ భయమే మళ్ళీ కోపమైంది.

"ఇప్పుడొచ్చావటే!" అని లేచాడు.

ఫోను ఆమె మొహం పక్కనే పడి ఉంది. కుడి మణికట్టు విరిగి వేలాడుతోంది. ముక్కుతో అద్దాన్ని తడిమింది. నెత్తురు తడికి అద్దం మాట వినలేదు. ఎటు తోసినా అక్కడే ఉంది.

అత్తగారు మోకాళ్ళ మీద కూర్చుంది. తన బట్టతో అద్దం తుడిచింది, కోడలి బొటనవేలు తుడిచింది, ఆ వేలు పట్టుకుని కింద నుంచి పైకి జరిపింది. చదువు రాని మనిషి. ముక్కలన్నీ ఎగాదిగా చూసింది.

"కోళ్ళదా, మంచందా?"

"కో..." అంది టకటక, మిగిలిన నోటితో.

వేలు ఆనింది.

ఫ్యాక్టరీలో ఊపిరి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. నున్నటి చేతులు. నోటి నిండా పళ్ళు. భుజాల మీద కత్తక్క చేతులు ఇంకా ఉన్నాయి. టకటక వాంతి చేసుకుంది. తుడుచుకుని ఫోను చెవికి పెట్టుకుంది. అవతల మెట్లు దిగుతున్న చప్పుడు, ఇద్దరి ఏడుపు.

"అత్తయ్యా!"

"బయటపడ్డాం. పిల్ల నా దగ్గరే ఉంది. మెట్ల మీద ఉన్నాం."

"ఆయనో?"

"లోపలే." ఆవిడ రొప్పుతోంది. "నువ్వు మళ్ళీ పోయావని చూసి... దాన్ని లేపి గోడకి ఆనించాడు. తలుపు సందులోంచి కనబడుతోంది. పీక పట్టుకున్నాడు."

టకటక ఫోను చెవికి అదుముకుంది.

"ఒక చెయ్యా, రెండు చేతులా?"

కుట్టు క్లాసు పిల్లి సంగతి అత్తగారికి తెలుసు. ఇల్లిల్లూ తిరిగి దాన్ని వెతికింది ఆవిడే. అతన్ని కన్నదీ ఆవిడే. లోపల నుంచి అతని కేకలు వస్తున్నాయి, పలకవేమే, పలకవేమే అని. దానితోపాటు గోడకి తల కొట్టుకుంటున్న చప్పుడు.

"రెండు చేతులూ," అంది అత్తగారు. తర్వాత మెల్లగా, "నేను పిల్ల మొహం అటు తిప్పాను."

టకటక ఫోను చెవి దగ్గర నుంచి దించింది. పాటలు, బ్యాంకు, స్కూలు గ్రూపు, మంచం, కోళ్ళు. మధ్యలో వంటిల్లు. ఈసారి బొమ్మలో అత్తగారి వేళ్ళు ఉన్నాయి, వాటి వెనక వంగి వస్తున్న మనిషి నీడ ఉంది. దాని మీద బొటనవేలు ఆనించి పైకి తోసింది. తేలిగ్గానే పోయింది. మిగిలిన ముక్కలు దగ్గరికి జరిగి ఖాళీని పూడ్చుకున్నాయి.

ఫోను మళ్ళీ చెవికి పెట్టుకుంది.

"అత్తయ్యా?"

"చప్పుడు ఆగిందే. లోపల ఎవరూ లేరు." ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "పిల్ల మణికట్టు బాగా వాచింది. నీ వేళ్ళు అయిదూ అచ్చుపడ్డాయి. నీ దగ్గర ఐసు ఉందా?"

చల్లగది తలుపు కత్తక్క అప్పటికే తీస్తోంది.

"ఇక్కడ ఐసుకేం లోటు అత్తయ్యా," అంది టకటక. "మీరిద్దరూ వచ్చెయ్యండి."