ఐదో రంధ్రం

నేను ఒక నెట్‌వర్క్ స్విచ్‌ని. అరచేతిలో పట్టే నల్ల పెట్టె, ఐదు రంధ్రాలు, వాటి మీద ఐదు పచ్చ దీపాలు. పుట్టింది ఎక్కడో, హన్మకొండ దుకాణంలో ఆర్నెల్లు దుమ్ము తిన్నాను. ఆడపిల్లల హాస్టల్ గదిలో గోడకున్నది ఒకే ఇంటర్నెట్ కనెక్షన్, కంప్యూటర్లేమో మూడు. పంచిపెట్టమని నన్ను కొన్నారు. వడ్డించే పనే తప్ప మాట్లాడే నోరు నాకు లేదు.

ఆ రోజు సాయంత్రం ఐదులోగా యాకలక్ష్మి ఎంసీఏ సీటుకు కాలేజీల వరస నెట్‌లో నింపాలి. దాటితే ఏడాది పోయినట్టే. ఏది ముందు పెట్టాలో తేల్చుకోలేక ఆఖరి రోజు దాకా తెచ్చుకుంది మహాతల్లి.

సరిగ్గా అప్పుడే ఆమె స్నేహితురాలు నవనీతకు గది ఊడవాలని బుద్ధి పుట్టింది. మూడో పిల్ల షాహీన్ కంప్యూటర్ తీసుకుని సెలవులకు వెళ్లింది. ఆమె వైరు మాత్రం ఒక కొస నాలో, ఇంకో కొస నేల మీద మిగిలింది. పాపం ఊడిపోయిందనుకుని నవనీత ఆ కొసను నా ఖాళీ ఐదో రంధ్రంలో గుచ్చింది. మంచి మనసుతోనే. ఇక ఒకే వైరు రెండు కొసలూ నాలోనే. నేను పంపింది నాకే తిరిగొచ్చింది, వచ్చింది మళ్లీ పంపాను. ఆపడం నా చేతిలో లేదు. క్షణాల్లో అంతస్తు మొత్తానికీ నెట్ పోయింది.

"నెట్ వస్తలేదే," అన్నది యాకలక్ష్మి.

"లైట్లు మంచిగనే కొట్టుకుంటున్నయి కదా. పక్క రూములల్ల గూడ పోయిందట. మన దాంట్ల ఏం లేదు, ఆగు, వస్తది," అన్నది నవనీత.

కొట్టుకోవా మరి! ప్రాణం మీదికొచ్చి కొట్టుకుంటుంటే హుషారనుకున్నారు. అందరికీ పోతే తప్పు తమది కాదని మనుషులకు భలే ధీమా. నెట్ సెంటర్‌కు పోదామని యాకలక్ష్మి రెండుసార్లు లేచింది. రెండుసార్లూ నా దీపాలు చూసి కూర్చుంది. ఆరిపోదామంటే ఆరిపోలేకపోయాను.

ఐదుంపావుకు ఒళ్లు మండి నవనీత నన్ను గోడ నుంచి పీకేసింది. నెట్ వచ్చిందని వరండాలో కేకలు. యాకలక్ష్మి గోడ వైరు నేరుగా తన కంప్యూటర్‌కు పెట్టుకుని చూసింది. గడువు ముగిసింది. నవనీత భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"నువ్వు పీకినవు గాబట్టి తప్పు ఈ డబ్బాదేనని తెలిసింది. దీని పాడుగాను."

నవనీత కూడా ఏడ్చింది.

ఇప్పుడు తలుపు పైన సజ్జ మీద, పాత చెప్పుల డబ్బాలో ఉన్నాను. మిగతా వైర్లు తీసుకున్నారు. షాహీన్ వైరు మాత్రం రెండు కొసలూ నాలోనే ఉన్నాయి. దించి చూస్తే చాలు, తప్పెవరిదో తెలిసిపోతుంది. నవనీత రోజూ గది ఊడుస్తూనే ఉంది. సజ్జ మీద మాత్రం ఎన్నడూ ఊడవకూడదని కోరుకుంటున్నాను.