నమూనాలోని మనిషి

రహీమాకున్న అన్నిటికంటే పెద్ద భయం ఇది: మన్నాన్ బొంబాయి రేవులో చచ్చిపోయాడు, ఆ సంగతి తనకు తప్ప తమ ఊరు అలియాబాద్‌లో అందరికీ తెలుసు.

మన్నాన్ ఆమె మగడు. ఆమెకు ఏడో నెలప్పుడు మేడ్చల్ స్టేషన్లో రైలెక్కి, రేవులో మూటలు మోయడానికి పోయాడు. చేరినట్టు ఒక కార్డు వచ్చింది. బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకే రేవులో నిలబడ్డ ఓడ పేలిపోయిందని, వందల మంది మాడిపోయారని కబురొచ్చింది. మన్నాన్ దగ్గర్నుంచి మాత్రం ఏ కబురూ లేదు. ముల్లాసాబ్ చేత రెండు కార్డులు రాయించింది. తనే రాద్దామంటే ధైర్యం చాలలేదు. నాలుగో జమాత్‌లో ఉండగా బడి మాన్పించారు, నేర్చుకున్న అక్షరాలు ఇంకా మిగిలున్నాయో లేదో. రెండు కార్డులకూ జవాబు లేదు. ఆమె నీళ్ళకు బాయి దగ్గరికి పోతే ఆడవాళ్ళ మాటలు టక్కున ఆగిపోయేవి.

చలికాలం మొదట్లో శామీర్‌పేటలో డేరా సినిమా దిగింది. డేరా మనిషి ఖాలిక్ ఎద్దుల బండి మీద డప్పు కొట్టిస్తూ ఊరూరా తిరిగాడు.

"పులితోని కొట్లాట! మండే ఓడ! నవ్వలేక చస్తరు, ఏడ్వలేక చస్తరు!"

పక్కింటి వజ్రమ్మ ఊరుకోలేదు. "ఇంట్ల కూసొని గోడలు జూస్తె ఏమొస్తది బిడ్డా? పోదాం నడువ్."

ఏ డేరాలోనైనా మగవాళ్ళు తెర ముందు, ఆడవాళ్ళు తెర వెనక. పల్చని గుడ్డ మీద నీళ్ళు చల్లితే బొమ్మ ఇవతలికీ కనబడుతుంది. ఆడవాళ్ళకు అదే సినిమా. మొదట తెర మీద ఉర్దూ అక్షరాలు పడ్డాయి. రహీమా ఒక్కటీ పోల్చుకోలేకపోయింది. ఉన్న కాస్త చదువూ పోయిందనుకుని బిడ్డను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

అసలు బొమ్మకు ముందు, వచ్చే వారం బొమ్మ నమూనా వేశారు. ఏనుగు, కత్తులు, ఎవరో ఏడుస్తున్న రాణి. ఆ తర్వాత రేవు. మూట మోస్తున్న ఒక హమాలీ ఆగి, ఇటు తిరిగి, ఎడమచేత్తో నుదుటి చెమట తుడుచుకుని నవ్వాడు. మూట నీడలో మొహం సగమే కనబడింది. ఆ భుజాలు, ఆ నవ్వు, ఆ ఎడమచెయ్యి. ఏం చెయ్యాలన్నా ముందు ఎడమచెయ్యే లేస్తుందని మన్నాన్‌ను వాళ్ళమ్మ ఎన్నిసార్లు కసిరేదో.

"అత్తా, మా ఆయన!" అని ఆమె వజ్రమ్మ చెయ్యి పట్టుకునేసరికి తెర మీద ఇంకేదో పరుగెత్తుతోంది.

ఆ వారమంతా రహీమా బాయి దగ్గర బిందె నింపుకుని కాసేపు నిలబడేది. మాటలు ఆగినా ఇప్పుడు లెక్కలేదు. రేవు పేలాక కదా బొమ్మ తీసి ఉంటారు, పేలాక కదా ఆయన నవ్వాడు. ఎప్పుడు తీశారో అడగాలన్న ఆలోచనను మాత్రం దగ్గరికి రానియ్యలేదు.

డేరా మేడ్చల్‌కు మారింది. నమూనా చూపిన బొమ్మకూ ఖాలిక్ బండి మీద పులి, మండే ఓడ అనే కేకలేశాడు. వజ్రమ్మ చెల్లెలు శంకరమ్మ అక్కడే ఉంటుంది. పొద్దున్నే బండిలో బయల్దేరి ఇద్దరూ ఆమె ఇంట్లో దిగారు. దీపాలు పెట్టే వేళకు తెర వెనక ముందు వరసలో కూర్చున్నారు.

ఏనుగు వచ్చింది. రాణి ఏడ్చింది. రేవు రాలేదు. ప్రతి కొత్త రంగానికీ రహీమా వీపు నిటారుగా అయ్యేది, మళ్ళీ వంగిపోయేది. బిడ్డ పాలకు ఏడిస్తే కళ్ళు తెర మీద నుంచి తియ్యకుండానే కొంగు కింద పెట్టుకుంది.

"మండే ఓడేది? బండి మీద గంత మొత్తుకునె గదా, చిన్న దీపమన్న ముట్టియ్యకపాయె!" అని వజ్రమ్మ విసుక్కుంది. కత్తి యుద్ధం వచ్చాక నవ్వింది. "గీ రాజుది గూడ మీ మన్నాన్ లెక్క ఎడమచెయ్యే గదనే!"

రహీమా చూసింది. రాజుది ఎడమచెయ్యే. మంత్రిదీ ఎడమచెయ్యే. ఉత్తరం రాస్తున్న రాణిదీ ఎడమచెయ్యే.

మర్నాడు పొద్దున బిడ్డను చంకనేసుకుని డేరాకు పోయింది. ఖాలిక్ రీళ్ళు చుట్టి రేకు డబ్బాల్లో సర్దుతున్నాడు.

"భాయ్, నమూనాల జూపిన హమాలీ బొమ్మల ఎందుకు లేడు?"

"నమూనాల మంచి మంచి తుక్డాలు ఏరి పెడ్తరు చెల్లె. బొమ్మ పెద్దగైతె అండ్లకెల్లే కొన్ని కోసేస్తరు. అందరు నన్నే తిడ్తున్నరు. పులి ఏదంటరు, ఓడ ఏదంటరు. నువ్వొక్కదానివే హమాలీని అడిగినవ్."

ఆమె అంతా చెప్పింది. ఖాలిక్ నవ్వు మానేశాడు. నమూనా చుట్ట విప్పి, వెతికి వెతికి, ఒకచోట ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. గోరంత బొమ్మలో హమాలీ నవ్వుతున్నాడు. చెమట తుడుస్తున్నది కుడిచేత్తో.

"నువ్వు ఎనక కూసున్నవ్ గద చెల్లె," అన్నాడు నెమ్మదిగా. "ఎనకకెల్లి జూస్తే కుడి ఎడమైతది."

రహీమా ఆ రీలు ముక్కను తన చేతిలోకి తీసుకుంది. అటు తిప్పితే మన్నాన్. ఇటు తిప్పితే ఎవరో. కింద అక్షరాలున్నాయి. మన్నాన్ ఉన్న వైపు అవి చదవడానికి రావు. ఎవరో ఉన్న వైపు ఒక్కొక్కటే కూడుకుంటే వచ్చాయి. ఈయన కోసం కూడా ఎవరో ఒకామె ఎక్కడో చూస్తుంటుందనిపించింది. బిడ్డ ఆ ముక్క కోసం చెయ్యి చాపితే తిరిగి ఖాలిక్‌కు ఇచ్చేసింది.

"గీ డబ్బా యాడికి పోతది భాయ్?"

"బొంబాయికే. రేపు రైలుకు."

"కాయిదం, కలం ఉన్నయా?"

ఖాలిక్ కరపత్రం ఒకటి వెనక్కి తిప్పి ఇచ్చాడు. "నేన్ రాస్త తియ్," అన్నాడు.

"వద్దు. నాకొస్తది."

బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని, తప్పులు కొట్టేసుకుంటూ, ఎండ డేరా తాళ్ళ దాకా వచ్చేవరకు ఉర్దూలో రాసింది. ఖాలిక్ దాన్ని మడిచి రీలు మీద పెట్టి మూత బిగించాడు.

"ఈ డబ్బా తెరిచిన వాళ్ళకు సలాం. నేను శామీర్‌పేట దగ్గర అలియాబాద్ రహీమాను. నా మగడు మన్నాన్ రేవులో హమాలీ, మజ్‌గావ్ దగ్గర హమాలీల కొట్టంలో ఉంటానని రాశాడు. ముందు ఎడమచెయ్యి లేస్తుంది. మీరు ఎదురుగా నిలబడి చూడండి, వెనక నుంచి చూడకండి. బిడ్డ పుట్టింది, పేరు మెహరున్నీసా, లేచి నిలబడుతోంది. ఉంటే ఈ మాట చెప్పండి. లేకపోతే అదైనా నాకు రాయండి, నాకు చదవడం వచ్చు. మీకు దూరమైనా సరే, ఒక్కసారి ఆ కొట్టం దాకా పోయి ఆయన ఉన్నాడేమో చూసి రండి."