నడవకూడని గడ్డి మిషను

ఇడ్లీ పాత్రలో ఇడ్లీలు కాకుండా ఇంకేదైనా ఉడుకుతోందంటే ఆ ఇంటికి ఏదో మూడిందనే లెక్క. ఆదివారం పొద్దున్నే లీలావతి మూత తీసి చూస్తే లోపల ఇంజను డొప్ప ఉంది. అల్యూమినియంది, ఆవిరికి చెమటలు కక్కుతూ కూర్చుంది.

"మూత పెట్టెయ్. చల్లారిపోతుంది," అన్నాడు వెనకనుంచి భీమేశ్వరరావు. చేతిలో పట్టకారు, భుజం మీద ఆవిడ మంచి తువ్వాలు.

"మరి ఇడ్లీలు నా నెత్తిన వెయ్యనా?"

"ఇవాళ్టికి ఉప్మా చెయ్యరాదూ."

ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి సీసా పక్కన బేరింగు పెట్టి ఉంది. వేడికి డొప్ప సాగుతుందిట, చలికి బేరింగు ముడుచుకుంటుందిట, అప్పుడు సుత్తి దెబ్బ అక్కర్లేకుండా ఒకదాంట్లో ఒకటి జారి కూర్చుంటుందిట. ఇంజను పని ఎవరిని అడిగినా ఇదే చెబుతారని ఆయన అన్నాడు. ఎవరిని అడుగుతుంది ఆవిడ? దేశ రాజధానిలో, ఈ ఆర్.కె.పురం సర్కారు క్వార్టర్లలో ఆవిడకి తెలిసినవాళ్ళంతా ఇడ్లీ పాత్రలో ఇడ్లీలే వండుకుంటారు. ఆయన డొప్పని బయటికి తీసి, బేరింగు అలా ఆనించాడో లేదో, మాట విన్నట్టు లోపలికి జారిపోయింది. ఆయన ముఖం చాటంత అయింది. లీలావతి గుండె మటుకు జారి ఎక్కడో పడింది.

మొగుడి పని కుదిరితే పెళ్ళాం గుండె జారడం ఏమిటని అడుగుతారేమో. చెబుతాను, వినండి.

భీమేశ్వరరావు సర్కారు తోటల శాఖలో, మిషన్ల షెడ్డులో ఇంజనీరు. కిందటి వేసవిలో ఈ గడ్డి కోసే మిషను పనికిరాని సామాను తేల్చే కండెమ్ బోర్డు ముందుకి వచ్చింది. తెల్లదొరలు వెళ్ళిపోయిన కొత్తల్లో ఓడ దిగిన సరుకు, పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తే నడిచే టూ స్ట్రోకు ఇంజను. సర్కారులో పాతది చచ్చిందని కాగితం మీద పడితే గానీ కొత్తది పుట్టదు. విడిభాగాలు ఎక్కడా దొరకవని స్టోరువాళ్ళు రాశారు, ఆ మాట నమ్మి, కనీసం నట్టు కూడా విప్పకుండా, 'ఇక మరమ్మతుకు వీలు లేదు' అని రాసి సంతకం పెట్టేశాడు ఈయన. ఆ కింద పై ఆఫీసరు లక్ష్మీపతిగారు పెట్టారు. మిషను తుక్కు వేలంలో పోయింది. పీడా పోయింది కదా అనుకోవాలి.

అనుకోనిస్తేనా! కూలరుకి పాత మోటారు వెతుక్కుంటూ మాయాపురి తుక్కు బజారుకి వెళ్ళిన మనిషి అక్కడ కుప్ప మీద దీన్నే చూశాడు. ఊరికే చెయ్యి వేసి చక్రం తిప్పాడు. తిరిగింది. అంతే, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని తెచ్చినట్టు ఇంటికి తెచ్చాడు.

"ఇది చావలేదు లీలా. నేను చూడకుండా చచ్చిందని రాశాను," అన్నాడు గుమ్మంలోనే.

"రాశారు కదా, ఇక చావనివ్వండి. ఇది నడిచిందంటే మీరు రాసింది అబద్ధం అవుతుంది. అది మీ ఇంట్లోనే నడిచిందంటే, బాగున్న మిషను పాడైందని రాసి కాజేశాడంటారు. రిటైరయ్యే ముందు ఎంక్వయిరీ వేస్తే పెన్షను ఆగిపోతుంది. మన దీపుగాడి చదువు ఇంకా సగంలో ఉంది, ఈ క్వార్టరు ఖాళీ చేస్తే తలదాచుకోడానికి సొంత గోడ లేదు. తెలుసా మీకు?"

"తెలుసు. ఊరికే నడుస్తుందేమో చూస్తాను."

"ఎందుకు చూడడం?"

"నడుస్తుందో లేదో తెలియాలి కదా."

ఈ మాటకి ఏ పెళ్ళాం ఏమని జవాబు చెబుతుంది! లీలావతి నేరుగా మలై మందిర్‌కి వెళ్ళి, ఆ మిషను ఎన్నటికీ నడవకుండా చూడు తండ్రీ, నీకు పాలకావడి మోస్తాను అని సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది. స్వామి ఇలాంటి మొక్కు అంతకుముందు విని ఉండడు.

అక్కణ్ణించి మొదలైంది ఆవిడ ఖర్మ. అన్నాలు తినే బల్ల మీద పిస్టను. తులసి కోట పక్కన కార్బురేటరు. కశ్మీరీ గేటు బజారులో ఏదో స్కూటరు పిస్టను రింగులు కొనుక్కొచ్చి, అవి పట్టకపోతే వరండాలో కూర్చుని ఆకురాయితో రాత్రీ పగలూ అరగదియ్యడం. ఆ చప్పుడుకి ఆవిడ పళ్ళు జివ్వుమనేవి. పొగ గొట్టంలో గట్టిపడ్డ మసిని గీకడానికి ఆవిడ అట్లకాడ మాయమైంది. ఇంజను అతుకుల మధ్య వెయ్యడానికి దళసరి కాయితం కావాలని, ఆవిడ చెల్లెలి కొడుకు పెళ్ళి శుభలేఖని గుండ్రంగా కత్తిరించేశాడు.

"ముహూర్తం ఎన్నింటికో ఇప్పుడు దాన్ని విప్పి చూడమంటారా?" అంది లీలావతి.

"ఆ భాగం వాడలేదు. ఇదిగో," అని మిగిలిన ముక్క ఇచ్చాడు.

అన్నీ బిగించి తాడు లాగేవాడు. ఇంజను ఖళ్ళుఖళ్ళుమని దగ్గి, ఓ బుడగ పొగ వదిలి ఊరుకునేది. "పోనీలెండి, దాని ప్రాప్తం అంతే," అని కాఫీ ఇచ్చేది ఆవిడ, లోపల స్వామికి దణ్ణం పెట్టుకుంటూ. ఆయన ఆవిడ వంక అదోలా చూసేవాడు. "నీ ఏడుపే తగిలింది దీనికి," అన్నాడు ఒకసారి. ఉన్న మాటే కాబట్టి ఆవిడకి కోపం కూడా వచ్చింది.

చివరికి జబ్బు ఎక్కడుందో దొరికింది. బేరింగు అరిగి, ఆ పక్కనుంచి ఇంజను గాలి పీలుస్తోంది. ఆ గాలి పీల్చుడు ఆగనంతకాలం బ్రహ్మదేవుడు లాగినా అంటుకోదు. అదీ ఇడ్లీ పాత్ర కథ.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం. చలికాలం ఎండ, క్వార్టర్ల ముందు నవారు మంచాలు వేసుకుని జనం పల్లీలు వలుచుకుంటున్నారు. భీమేశ్వరరావు తాడు లాగాడు. ఇంజను అంటుకుంది. దగ్గలేదు, నసగలేదు, నీలం పొగ వదిలి ఒకటే మోత. ఆయన దాన్ని ఇంటి ముందు పచ్చిక మీద ఆ కొసకీ ఈ కొసకీ తిప్పాడు. గడ్డి దువ్వినట్టు పడింది. మేడ మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి చెవుల దాకా నవ్వుతున్నాడు. లీలావతి గుమ్మంలో నిలబడి, చూడముచ్చటగానే ఉన్నాడు వెధవ మనిషి, అనుకుంది. ఆ వెంటనే, నా కొంప తీశాడు, అనుకుంది.

తియ్యనే తీశాడు. పొద్దు వాలకముందే లక్ష్మీపతిగారు వచ్చారు, ఆఫీసువాళ్ళని ఇద్దర్ని వెంటేసుకుని. ఆయనదీ అదే కాలనీ. పరాయివాడైతే విననట్టు ఊరుకునేవాడు. ఈ హిందీ ఊళ్ళో సాటి తెలుగువాడాయె, పలకరించకుండా ఎలా పోతాడు!

"రావుగారూ, కండెమ్ చేసిన మిషను మీ ఇంట్లో నడుస్తోందని ఎవరో అన్నారు. నేను నవ్వాను," అన్నారాయన కుర్చీలో కూర్చుంటూ. ఆయన మాత్రం నవ్వడం లేదు. "మీరు రాశారు, మీ మాట మీద నేను సంతకం పెట్టాను. ఒక్కసారి వీళ్ళ ముందు లాగి చూపించండి. నడవకపోతే నడవలేదని నేనే అందరికీ చెబుతాను, గొడవ వదిలిపోతుంది. నడిచిందా, ఇక నేనూ ఏం చెయ్యలేను."

ఇంతకన్నా విప్పి ఏ ఆఫీసరు చెబుతాడు? తప్పించుకోడానికి దారి వేసి, చీపురుతో ఊడ్చి మరీ పెట్టాడు.

"తప్పకుండా సార్. కాఫీ తాగండి, లాగుతాను," అన్నాడు భీమేశ్వరరావు.

లీలావతి ఆయన ముఖం చూసింది. అబద్ధం ఆడవలసి వస్తే ఆయన నుదురు చెమర్చేది. ఇప్పుడు పొడిగా, హాయిగా ఉంది. అంటే ఈ మహానుభావుడు నిజమే లాగి చూపించబోతున్నాడు. ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కాఫీ గ్లాసులు అక్కడ పెట్టేసి, ఆరేసిన బట్టలు తీసే మిషతో వరండాలోకి వెళ్ళింది. ఇంజను నెత్తిన ప్లగ్గుకి తొడిగిన నల్లటి రబ్బరు టోపీ ఉంది. అది ఊడితే నిప్పురవ్వ పుట్టదు, అది పీకకుండా ఎవరూ బ్లేడు ముట్టుకోవద్దని ఆయనే ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పాడు. ఆవిడ దాన్ని పైకి లాగి, పెట్టినట్టు కనపడేలా ఊరికే ఆనించింది. చేతికి అంటిన జిడ్డు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది.

అందరూ బయటికి వచ్చారు. ఆయన తాడు లాగాడు. ఏమీ లేదు. మళ్ళీ లాగాడు. కనీసం దగ్గు కూడా లేదు. మంచాల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చోక్ చూశాడు, పెట్రోలు కుళాయి చూశాడు, ఇంజను మీదికి వంగాడు. అక్కడ ఆయన చూపు ఆగిపోయింది.

టోపీ మీదికి చెయ్యి వెళ్ళింది. బొటనవేలితో నొక్కితే చాలు. ఆయన తల ఎత్తి లీలావతి వంక చూశాడు. ఆవిడ కళ్ళు తిప్పుకోలేదు. వద్దండీ, మీ కాళ్ళు పట్టుకుంటాను, అని పైకి అనలేదంతే, ఆ చూపులో అంతా ఉంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నుదురంతా చెమట పట్టింది, ఆ చలిలో.

"నడవదు సార్," అన్నాడు.

"నేను చెప్పలా! రావుగారు రాశారంటే రాయి మీద గీత," అన్నారు లక్ష్మీపతిగారు వెంట వచ్చినవాళ్ళతో. ఉద్యోగంలో చేరిన దగ్గర్నించీ పై ఆఫీసరు నోట భీమేశ్వరరావు విన్న మెప్పు అదొక్కటే. భుజం తట్టి, కాఫీ బ్రహ్మాండంగా ఉందని ఆవిడకి చెప్పి, వాళ్ళు వెళ్ళిపోయారు.

భీమేశ్వరరావు పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని బట్టల సబ్బుతో చేతులు రుద్దుకుంటున్నాడు. జిడ్డు ఎప్పుడో పోయింది, అయినా రుద్దుతున్నాడు. తిడతాడేమోనని లీలావతి కాసేపు చూసింది. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"నాకు ఇంకో దారి కనపడలేదండీ," అంది. "తిట్టాలనుంటే తిట్టండి."

"నిన్నెందుకు తిడతాను. నువ్వు మంచి పనే చేశావు," అన్నాడు ఆయన సబ్బు పక్కన పెట్టి. "నడవదని సంతకం పెట్టినప్పుడు అది అబద్ధమని నాకు తెలీదు లీలా. ఇవాళ తెలిసే చెప్పాను."

ఆవిడ తువ్వాలు అందించింది. మొక్కు ఫలించింది, పెన్షనుకి ఢోకా లేదు, స్వామికి పాలకావడి బాకీ పడింది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాలి గానీ, ఆవిడ అక్కడే ఆయన పక్కన తడి గట్టు మీద కూర్చుండిపోయింది.