మగ్గం గుంతలో మనిషి

"తల్లి చేసే పని" అని స్కాలర్‌షిప్పు దరఖాస్తులోని మాట గట్టిగా చదివి, రుక్మిణి కలం పైకెత్తి తండ్రి వైపు చూసింది.

"ఏం లేదని రాయి" అన్నాడు దేవేంద్రప్ప, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంటూ.

ఆ మాట అన్నప్పుడు సుంకమ్మ మగ్గం గుంతలోనే ఉంది. కుడిచేత్తో తాడు గుంజి నాడెను ఆ కొస నుంచి ఈ కొసకు తోలుతోంది. కింద కాళ్ళు చెక్కలు తొక్కుతున్నాయి. మాట చెవిన పడింది. నొప్పి పుడుతుందేమోనని కాసేపు చూసింది. పుట్టలేదు. పడుగులో పోగొకటి తెగి కనిపిస్తే ముడివేసి మళ్ళీ తొక్కింది. కూతురు ఆ గడిలో ఏదో రాసింది. ఏం రాసిందో సుంకమ్మ అడగలేదు.

దేవేంద్రప్ప చూపు పోయి ఆరేళ్ళయింది. కంటి వెనక నరం ఎండిపోయిందనీ, ఇక చేసేదేం లేదనీ ఆదోని ఆసుపత్రిలో చెప్పారు. మనుషులు నీడల్లా కనిపిస్తారు గానీ పోగు కనిపించదు. వీధికి మాత్రం చూపు కాస్త మందగించిందనే చెప్పుకున్నారు. ఆ వారం మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, ఇంట్లో గింజలు లేవు. ఎమ్మిగనూరు నేతవీధుల్లో ఆడవాళ్ళు రాట్నం మీద నూలు కండెలు చుడతారు, గంజి పెడతారు, పడుగు అతుకుతారు. గుంతలోకి మాత్రం దిగరు. పెళ్ళయిన నాటి నుంచి మొగుడి చేతుల్ని చూసి చూసి ఉన్న సుంకమ్మ, ఆ రోజు ఎవరినీ అడగకుండా దిగింది. "ఆడది గుంతలో దిగితే మగ్గం మూల పడతాదే" అని అత్త హనుమక్క నోరు కొట్టుకుంది. చీర పూర్తయి బియ్యం ఇంటికొచ్చాక, "తలుపేసుకో" అంది. సుంకమ్మకు దొరికిన అనుమతి అంతే.

అప్పటి నుంచి ఎండాకాలంలోనూ ఆ ఇంటి తలుపు వేసే ఉండేది. ఎవరైనా తలుపు తడితే సుంకమ్మ పైకెక్కి పొయ్యి దగ్గరికి పోయేది, దేవేంద్రప్ప దిగి మగ్గం ముందు కూర్చునేవాడు. నాటకం వాళ్ళు కూడా అంత చురుగ్గా వేషం మార్చలేరు. ఒకసారి పక్కవీధి మాదన్న వచ్చి, "ఏమప్పా, నీ మగ్గం సద్దు మారిపాయనే! ముందు ఎద్దు నడిసినట్టుండె, ఇప్పుడు మేకపిల్ల దుంకినట్టుంది" అన్నాడు. "చెయ్యి తేలికైందిలేన్నా" అన్నాడు దేవేంద్రప్ప. మాదన్న పోయాక ఆ మాట తలుచుకుని తలుచుకుని నవ్వాడు. సుంకమ్మ కూడా నవ్వింది, పెదాల వరకే. నేతగాళ్ళ సొసైటీకి చీరలు మోసుకుపోయేది అతనే. తిరిగి వచ్చి, "నా అంచు శానా బాగుందన్నారు" అని చెప్పేవాడు, ఎవరో మూడో మనిషికి చెప్పినట్టు. మొదట్లో ఆ మాట ఆమెకు గుచ్చుకునేది. తర్వాత అదీ లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. ఇంట్లో ఒక గిన్నె కనపడకుండా పోతే వెతుకుతాం, ఇలాంటిది పోతే ఎక్కడని వెతకడం?

ఆ ఏడు రుక్మిణి ఎస్సెల్సీ పాసయింది. అనంతపురంలో కాలేజీ ఉందనీ, బీదపిల్లలకు సర్కారు స్కాలర్‌షిప్పు ఇస్తుందనీ, హాస్టల్లో అన్నం పెడతారనీ బడి పంతులు ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. స్కాలర్‌షిప్పు రాకపోతే కాలేజీ లేదు. కాలేజీ లేకపోతే రుక్మిణి రాట్నం ముందు కూర్చుంటుంది, ఆ తర్వాత ఇంకెవరి ఇంట్లోనో ఇంకో రాట్నం ముందు. సుంకమ్మ లోపల ఇంకా కదులుతున్నది ఏదైనా ఉంటే అది ఈ ఒక్క ఆలోచనే.

దరఖాస్తు పోయిన ఇరవై రోజులకు తలారి పెద్దయ్య వచ్చి చల్లగా చెప్పాడు. "సోమవారం ఆదోని నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాండాడు. మీ మీద ఎవురో ఆకాశరామన్న అర్జీ పెట్టినాడంట."

సోమవారం మధ్యాహ్నం బస్సు దిగి గొడుగు వేసుకుని వచ్చాడు రెవిన్యూ ఇన్‌స్పెక్టరు వెంకటేశులు. నడివయసు మనిషి. చెప్పులు బయటే విడిచాడు. సుంకమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి, చెంబు తిరిగిస్తూ, "నీళ్ళు చల్లగా ఉన్నాయమ్మా" అన్నాడు. తను ఇచ్చినది బాగుందని ఒక మనిషి తనతోనే చెప్పడం ఎన్నాళ్ళకు విన్నదో ఆమెకు గుర్తు రాలేదు.

అతను అర్జీ విప్పి చదివాడు. దేవేంద్రప్పకు కళ్ళు లేవు, అయినా వారం వారం ఆ ఇంటి నుంచి చీరలు పోతున్నాయి, కూలి నేతగాళ్ళను దాచిపెట్టి షావుకారుతనం చేస్తూ బీదవాణ్ణని సర్కారును మోసం చేస్తున్నాడు. అదీ సంగతి.

"నేనే నేస్తాండా సార్" అన్నాడు దేవేంద్రప్ప.

"మంచిది. ఒక జానెడు నెయ్యండి, చూసి పోతాను."

దేవేంద్రప్ప గుంతలోకి దిగాడు. చెక్కల తాళ్ళు సుంకమ్మ పొట్టి కాళ్ళకు సరిపోయేలా ఎగ్గట్టి ఉన్నాయి. అతని మోకాళ్ళు పైకి లేచి కొయ్యకు కొట్టుకున్నాయి. తడుముకుని తాడు గుంజాడు. నాడె పడుగును చీల్చుకుని నేలమీద పడింది, నాలుగైదు పోగులు తెగిపోయాయి. వెంకటేశులు వంగి నాడెను తీసి, చప్పుడు కాకుండా మగ్గం మీద పెట్టాడు.

"చాలులే దేవేంద్రప్పా" అన్నాడు. "కూలికి ఎవరినైనా పెట్టుకున్నారా? పెట్టుకుంటే ఈ స్కాలర్‌షిప్పు రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

రుక్మిణి గోడ దగ్గర నిలబడి పైట కొసను వేలికి చుట్టి విప్పుతోంది. దేవేంద్రప్ప మాట కోసం అందరూ చూస్తున్నారు. అతను మగ్గం కొయ్య పట్టుకుని తల పైకెత్తాడు.

"పెట్టుకున్నా సార్. ఒకాయన తెల్లారుజామున వచ్చి నేసి పోతాడు."

సుంకమ్మ ఆ మాటను మొదట సరిగా పట్టుకోలేకపోయింది. తర్వాత అర్థమైంది. బిడ్డ చదువు పోయినా ఫరవాలేదు, పెళ్ళాం నేస్తుందని మాత్రం తెలియకూడదు. ఆరేళ్ళుగా గుంతలో కూర్చున్నది తను కాదు, పేరు లేని మొగవాడొకడు. అతనికి ఇప్పుడు పేరు వెతకాలి.

"అతని పేరు?" వెంకటేశులు కలం తీశాడు.

దేవేంద్రప్పకు పేరు తట్టలేదు.

సుంకమ్మ కొంగు నడుముకు దోపుకుని మగ్గం దగ్గరికి నడిచింది. "పైకి రా" అంది మొగుడితో. అతను నీడను చూసినట్టు చూసి, ఎక్కాడు. ఆమె దిగి తెగిన పోగులు ఒకటొకటే ముడివేసింది. అందరూ చూస్తుండగా ముడులు వేయడం అదే మొదలు గనుక కాస్త ఆలస్యమైంది. తర్వాత నాడె పోయింది, వచ్చింది, పోయింది. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు తీసిన తలుపు తీసే ఉంది. వీధిలో మాటలు ఆగిపోయాయి. గడప దగ్గర రెండు తలలు కనపడ్డాయి, తర్వాత నాలుగు. "ఓయమ్మా, సుంకమ్మా?" అని ఎవరో అన్నారు. జానెడు నేసి ఆపింది.

వెంకటేశులు చాలాసేపు బట్ట అంచునే చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంటిల్లిపాదీ కలిసి నేస్తారని రాస్తానమ్మా. కూలివాళ్ళు లేరు, అది చాలు. అందరికీ మర్యాదగా ఉంటుంది, పాపకూ అడ్డు రాదు."

"అట్ల రాయి నాయినా, నీ కడుపు సల్లగుండ" అంది హనుమక్క. దేవేంద్రప్ప కూడా తలూపాడు.

అది మంచి మనిషి చేసిన మేలని సుంకమ్మకు తెలుసు. తలవంచి సరే అనడమే తరువాయి. కానీ ఆమె మనసులో పోగులు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టింది. అత్త నెయ్యదు. మొగుడికి కనపడదు. కూతురు వెళ్ళిపోతుంది.

"ఇంటిల్లిపాదీ అంటే ఎవురు సార్?" అంది. "వచ్చే ఏడు మళ్ళా కాగితం రాయల్ల. మళ్ళా అర్జీ పెడతారు. అప్పుడు ఇంకో సారు వస్తాడు. ఆయప్ప నీ మాదిరి మంచోడు కాకుంటే నా బిడ్డ సగం సదువుతో ఇంటికి రావల్ల. నేనే నేస్తాండానని రాయండి. ఆరేండ్లాయ. మా ఆయనకు కండ్లు లేవు, అది గూడా రాయండి."

వెంకటేశులు అప్పటికే మొదలుపెట్టిన వాక్యం కొట్టేసి కొత్తగా రాశాడు. ఏం రాశాడో చదివి వినిపించాడు కూడా. వేలిముద్ర వేయించుకున్నాడు. నూలు కోసి కోసి బొటనవేలి గీతలు అరిగిపోయి ఉన్నాయి. మొదటిసారి సిరా మరక తప్ప ఏమీ పడలేదు. రెండోసారీ అంతే. విసుక్కోకుండా ఆ వేలిని తన చేతిరుమాలుతో తుడిచి, మూడోసారి మెల్లగా ఒత్తించాడు. "స్కాలర్‌షిప్పుకు ఇబ్బంది లేదమ్మా, ఆదాయం సర్టిఫికెట్టు శుక్రవారానికి వస్తుంది" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

అతను మలుపు తిరగగానే హనుమక్క మొదలుపెట్టింది. "వీదంతా సూసిరి కదే! మొగోని తలకాయ తీసి నడివీదిలో పెడితివి కదే!"

"ఇంగ సొసైటీకి ఏ మొగం పెట్టుకొని పోవల్ల నేను?" అన్నాడు దేవేంద్రప్ప, గోడతో చెప్పినట్టు.

సుంకమ్మకు కోపం రాలేదు, సంతోషమూ రాలేదు. గురువారానికి ఇవ్వాల్సిన చీర ఇంకా మూడు మూరలు ఉంది. నాడె తీసి చూస్తే కండె ఖాళీ అయింది, పక్కన బుట్ట కూడా ఖాళీ. రుక్మిణి లేవబోయింది.

"నువ్వు కూచో, బిడ్డా. ఇది నీ పని కాదు" అంది సుంకమ్మ. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"కండెలు ఐపోయినాయి. ఆ రాట్నం కాడికి జరుగు. దానికి కండ్లతో పని లేదు. ఇన్నేండ్లూ నేను పొయ్యి తట్టు సూసుకుంటానే సుట్టినా."

దేవేంద్రప్ప చేత్తో నేలను తడుముకుంటూ జరిగాడు.