పట్టి ఉంచిన సీటు

మెట్ల కింద ఇరుకు గదిలో ఆమె టికెట్ల దుకాణం. వెనక తలుపు తీస్తే ఇల్లు, ఆ ఇంట్లో మంచం మీద అమ్మ. వీధి వీధంతా ఆమెను టికెట్టక్క అనే పిలుస్తుంది. ఒకప్పుడు ఆ గదిలో చోటు చాలక జనం మెట్ల మీద కూర్చునేవారు. ఇప్పుడు ఎవరి విమానం టికెట్టు వాళ్ల ఫోన్లోనే తయారవుతోంది.

"ఏమ్మా, ఇవాళ ఈగలకేమైనా టికెట్లు కొట్టావా?" అని పక్క జిరాక్సు దుకాణం బాబాయి రోజూ ఏడిపించేవాడు.

"వాటికి రెక్కలున్నాయి బాబాయ్. నాకు మిగిలింది నువ్వే, ఎక్కడికన్నా పోరాదూ?" అనేది ఆమె.

ఆ మధ్యాహ్నం ఎకసెక్కాలు లేవు. అమ్మను చూసిన డాక్టరు బయటికొచ్చి, రావలసినవాళ్లుంటే పిలిపించమన్నాడు. రావలసింది ఒక్కతే. విమానమెక్కితే తప్ప చేరలేనంత దూరాన, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే చెల్లెలు.

కాసేపటికి చెల్లెలే ఫోను చేసింది. "అక్కా, సెలవిచ్చారు. రేపు సాయంత్రం విమానంలో ఒక్క సీటే ఉందని ఫోన్లో చూపిస్తోంది. కొనేయనా?"

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. "నేనుండగా నువ్వు ఫోన్లో కొనుక్కుంటావటే? ముట్టుకోకు. నేను పట్టేస్తా."

"అది కాదక్కా, ఇప్పుడన్నీ మారిపోయాయంటున్నారు..."

"నాకే నేర్పుతున్నావా చిన్నదానా? పోయి బట్టలు సర్దుకో."

పాత పద్ధతి ఆమె వేళ్లకు తెలుసు. పేరు కొట్టి సీటు పట్టి ఉంచితే మర్నాటిదాకా కదలదు. డబ్బు కట్టి టికెట్టు చేయడం తీరిగ్గా చూసుకోవచ్చు. ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని కాన్పులకు అలా పట్టిందో! కంప్యూటరులో చెల్లెలి పేరు పడింది. అంతలో లోపల అమ్మకు దగ్గు తెరిపి లేకుండా వచ్చింది. అన్నీ అలాగే వదిలేసి పరుగెత్తింది.

"చిన్నది బయల్దేరిందా?" అంది అమ్మ, ఊపిరి అందాక.

"రేపమ్మా. సీటు పట్టేశాను."

"కిటికీ పక్కనేనా?"

టికెట్ల వ్యవహారంలో అమ్మకు తెలిసింది అదొక్కటే. ఎవరు టికెట్టుకు వచ్చినా వెనక గదిలోంచి అదే అడిగేది.

"కిటికీ పక్కనేనమ్మా."

అమ్మ మొహం విచ్చుకుంది. పట్టుకున్న అమ్మ చెయ్యి వదిలి లేవడానికి ఆమెకు మనసొప్పలేదు.

తెల్లారి దుకాణం తీసి చూస్తే చెల్లెలి పేరు లేదు. ఆ విమానాల కంపెనీ సీట్లన్నీ తన సొంత యాప్‌లోకి మళ్లించుకుంటోంది. ఏజెంట్లు పట్టిన సీటుకు వెంటనే డబ్బు కట్టకపోతే దానంతటదే జారిపోతుంది. ఆ సంగతి చెప్పే కబురు ఎప్పుడో వచ్చింది. తన పొట్టకొట్టే కబురని ఆమె సగం చదివి మూసేసింది. మళ్లీ మళ్లీ వెతికింది. విమానం నిండిపోయింది. మళ్లీ సీటున్నది మర్నాడే.

ఫోను చెయ్యగానే చెల్లెలు అందుకుంది. "టికెట్టు రాలేదేంటక్కా? సంచి కూడా సర్దేశాను. అమ్మకని మెత్తటి దుప్పటొకటి నేనే కుట్టాను..."

"చిన్నదానా... సీటు జారిపోయిందే."

అవతల కుట్టుమిషన్లు చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

"నిన్న ఉందిగా అక్కా" అంది చెల్లెలు.

ఆ మర్నాటి సీటు చెల్లెలే ఫోన్లో కొనుక్కుంది. అమ్మ అందాకా ఆగలేదు. ఆ రోజంతా చూపు గుమ్మం మీదే పెట్టుకుని, "ఇంకా దిగలేదా?" అని అడుగుతూనే ఉంది. "మబ్బులటమ్మా, ఆలస్యమట" అని అక్క అబద్ధమాడుతూనే ఉంది.

చెల్లెలు వచ్చేసరికి మంచం ఖాళీ. తెచ్చిన దుప్పటి ఆ మంచం మీదే పరిచి, దాని మీద కూర్చుంది. బాబాయి వచ్చి గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

అంతా అయ్యాక చెల్లెలు మళ్లీ సంచి సర్దుకుంటుంటే, అలవాటు కొద్దీ అక్క నోరు జారింది. "తిరుగు టికెట్టు ఎప్పటికి చెయ్యనే?"

"తీసుకున్నానక్కా" అంది చెల్లెలు తలెత్తకుండా. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది అక్కకు.

మెల్లగా అక్కే అడిగింది. "కిటికీ పక్కనేనా?"

చెల్లెలి చేతులు ఆగిపోయాయి. "చూసుకోలేదక్కా" అంటూనే దుప్పట్లో మొహం దాచుకుని భోరుమంది.

అక్క చెయ్యి చెల్లెలి వీపుదాకా వెళ్లింది. తాకడానికి జంకి, అక్కడే ఆగిపోయింది.